నేలకు ఆన్చిన చెయ్యి

రంగూను
12 జనవరి 1956

అక్కకు, బావకు, మీ అత్తగారు కన్నియమ్మగారికి దేవరాజులు నమస్కారాలు.

అక్కా, ఈ ఉత్తరం నీకు అందేసరికి దామోదరం కూడా మద్రాసు రేవులో దిగి ఉంటాడు. మనిషి కొంచెం వాగుడుకాయ గానీ నమ్మకస్తుడు. అతని చేత ఒక మూట పంపుతున్నాను. విప్పి కంగారుపడకు. అందులో ఉన్నది చెక్క బుద్ధుడు. మూరెడు ఎత్తు ఉంటాడు. ఒంటిమీద బంగారు రేకు అక్కడక్కడా లేచిపోయింది.

నేను కొన్న బొమ్మ కాదు. మా ఇంటి ముసలమ్మ సంగతి నీకు రాస్తూనే ఉంటాను కదా. యుద్ధం అయిపోయాక నేను మళ్ళీ ఈ ఊరు వచ్చినప్పుడు ఉండడానికి గది ఇచ్చి, జ్వరమొస్తే గంజి కాచి పోసిన బర్మా ఆవిడ. ఇల్లు కొడుక్కు అప్పగించి, తల గొరిగించుకుని మఠానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తన ఇంటి బుద్ధుణ్ణి నా చేతుల్లో పెట్టింది. నీ కొడుక్కు ఇవ్వమ్మా అన్నాను. "వాడికి ఇల్లుంది. నీకు లేదు. నీకే కావాలి" అంది.

నాకిప్పుడు ఆ గది కూడా లేదు. మా కంట్రాక్టరు నన్ను పిన్మనా అవతల అడవిలో ఉన్న టేకు డిపోకు పంపుతున్నాడు, దుంగలు చూసి రకాలు వేరు చేసే పని. అక్కడ రేకుల షెడ్డులో ఈయన్ని ఎక్కడ పెట్టను? నా ఇల్లంటే నీ ఇల్లే. అందుకని పంపుతున్నాను. ఈయన మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను అక్కడ ఉన్నట్టే అనుకో.

తలకంటే ఎత్తున పెట్టు. ఆయన వైపు కాళ్ళు చాపి పడుకోవద్దని పిల్లకు చెప్పు. ఇంకేమీ పెద్దగా అడిగే రకం కాదు. ఆ అడవి వైపు గొడవలని పేపర్లలో వస్తుంటాయి. అవి చదివి బెంబేలు పడకు. టపా మాత్రం ఆలస్యంగా వస్తుంది.

నీ తమ్ముడు
దేవరాజులు


పురసవాక్కం, మద్రాసు
11 ఫిబ్రవరి 1956

తమ్ముడు దేవరాజులుకు అక్క అలమేలు దీవెనలు.

దామోదరం వచ్చాడు. వాగుడుకాయ అని నువ్వు మర్యాదగా రాశావు. కాఫీ తాగి, ఇడ్లీ తిని, మళ్ళీ కాఫీ తాగి, ఓడలో ఎవరెవరు వాంతులు చేసుకున్నారో పేరుపేరునా చెప్పి వెళ్ళాడు. మూటను మాత్రం దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు పాపం.

విప్పగానే మా అత్త వెనక్కి తగ్గింది. ఆమె ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది, కుడి చెయ్యి మోకాలి మీదుగా కిందికి దిగి వేళ్ళు నేలకు ఆనుతున్నాయి కదా. "ఏందే అలమేలూ, అభయం ఇచ్చే చెయ్యి పైకి ఉండాల గదా? ఈ సామి మన్ను చూపిస్తా ఉండాడే! కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉండాది. ఇప్పుడే రావాల్నా ఇది?" అంది. మీ బావ పేపరు మడిచి, "మన ఏడుకొండలవాడి చెయ్యి గూడా కిందికే గదమ్మా ఉండేది" అన్నారు. "ఆయన పాదాలు చూపిస్తాడు. ఈయన మన్ను చూపిస్తాడు" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజంగా ఆ చెయ్యి ఎందుకలా ఉందో కనుక్కుని రాయి. ఆమె అన్నప్పటినుంచీ నా కళ్ళు కూడా ముందు అక్కడికే పోతున్నాయి.

మన పిల్ల పుష్పవల్లి పురిటికి ముందే వచ్చేసింది. కదలకుండా పడుకోబెట్టమని లేడీ డాక్టరు చెప్పింది. వైశాఖంలో కాన్పు. పోయినసారి ఏడో నెలలో ఏమైందో నీకు తెలుసు. ఆ బిడ్డ ముఖం నేను చూశాను, అది చూడలేదు. ఆ నెల దాటేదాకా ఈ ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోవడం లేదు.

నీ బుద్ధుడికి ఏ లోటూ చేయలేదు. ఆయన అడగడని నువ్వు రాశావు సరే, అడగకపోతే చేయకూడదా? పూజగదిలో పైఅరలో పెట్టాను. నిన్న శుక్రవారం పాలతో, పసుపు నీళ్ళతో అభిషేకం చేసి, నువ్వులనూనె రాసి, బొట్టు పెట్టాను. ముఖం కళకళలాడింది. ఇక ప్రతి శుక్రవారమూ చేస్తాను. నువ్వే మా ఇంట్లో ఉన్నావని రాశావు కదా. నీకు తలంటి పోసి ఎన్నేళ్ళయిందో అనుకుంటూ పోశాను.

అడవికి పోకుండా రంగూనులోనే ఏదైనా చూసుకోకూడదా? నా మాట ఎప్పుడు విన్నావు గనక.

అలమేలు


డిపో, పిన్మనా దాటి
4 మార్చి 1956

అక్కా,

నీ జాబు ఇంకా రాలేదు. మూట చేరిందనే అనుకుంటున్నాను.

ఇక్కడ చుట్టూ టేకు, పైన ఎండ. ఏనుగులు దుంగల్ని తోసుకొస్తాయి, నేను సుత్తితో కొట్టి శబ్దం విని లోపల పుచ్చు ఉందో లేదో చెబుతాను. మాకు వంట చేసేవాడు కుప్పుసామి మన పెరంబూరు వాడే. పొద్దస్తమానం తల్లి పొన్నమ్మ గురించి చెబుతాడు. చింతపండు లేకుండా రసం పెట్టగల మహానుభావుడు. సాయంత్రం ఇద్దరం కూర్చుని మద్రాసు వీధుల పేర్లు ఒకరికొకరు అప్పజెప్పుకుంటాం.

మొన్న పక్క డిపో గుమాస్తాను అడవిలోని తిరుగుబాటు మనుషులు పట్టుకుపోయారు. బియ్యం బస్తాలు మోయించుకుని పంపేస్తారని అందరూ అంటున్నారు. ఇంకా రాలేదు. ఈ మాట బావకు చదివి వినిపించకు.

మా ముసలమ్మ అన్న మాట ఒకటి గుర్తొస్తోంది. ఇంట్లో వాళ్ళకు భయం పట్టుకుంటే ముందు ఆ బొమ్మకు తెలుస్తుందట, దాని ముఖమే మారిపోతుందట. అప్పుడు నవ్వాను. ఇక్కడ చీకటిపడితే నవ్వు రావడం లేదు. ఆయన ముఖం ఎలా ఉందో ఒకసారి చూసి రాయి, సరదాకే అడుగుతున్నాను.

దేవరాజులు


పురసవాక్కం
7 ఏప్రిల్ 1956

తమ్ముడూ,

నువ్వు బాగున్నావా? ముందు అది రాయి. మిగిలింది తర్వాత చదువు.

నీ ఉత్తరం రాగానే ముఖం చూడమన్నావని వెళ్ళి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. రెండు కళ్ళ కిందా నల్లటి చార ఉంది. తడిగా ఉంది. గుడ్డతో తుడిచాను, మర్నాడు మళ్ళీ ఉంది. చెంపల మీదుగా గడ్డం దాకా దిగింది. పూజగది తలుపు తీస్తే ఏదో పులిసిన వాసన. పువ్వులు కుళ్ళాయేమోనని అన్నీ తీసి కడిగాను. వాసన ఆయన దగ్గరినుంచే వస్తోంది.

దాన్ని నాలోనే దాచుకున్నాను. కానీ పోయిన వారం మిట్టమధ్యాహ్నం నేనూ అత్తా వంటింట్లో కూర్చుని ఉంటే పూజగదిలో ఠప్పని చప్పుడు. ఎవరో వేళ్ళు విరిచినట్టు. వెళ్ళి చూస్తే ఎడమ చెవి కిందనుంచి మెడ మీదికి గీత. అంతకుముందు లేదు, నేను ప్రమాణం చేసి చెబుతాను. అత్త కేక వేసింది. పుష్ప లేచి రాబోతే నేను తలుపు మూసి, పిల్లి గిన్నె తోసిందని అబద్ధం చెప్పాను.

పురోహితుడు గోపాలయ్యగారిని పిలిపించారు. ఆయన లోపలికి కూడా రాలేదు, గడప దగ్గరినుంచే చూశారు. "అంగం దెబ్బతినిన విగ్రహం పురిటి ఇంట్లో ఉండకూడదమ్మా. నీళ్ళల్లో వదిలేయండి" అన్నారు. మన వాళ్ళకు తెలియని మాటేమీ కాదు. విరిగిన బొమ్మను ఎవరు పెట్టుకుంటారు? అత్త ఆరోజే ఏట్లో వేసి రమ్మంది. మీ బావ మాత్రం, "కొయ్య పగలడం గూడా ఒక అపశకునమా? నేను పెరంబూరు ఫ్యాక్టరీలో రోజూ చూస్తా ఉండా" అన్నారు. కానీ ఆయన కూడా ఆ గదిలోకి పోవడం మానేశారు.

నేను ఒప్పుకోలేదు. ఎందుకో అత్తకు చెప్పలేకపోయాను. నీకు చెబుతాను. ఆయన ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నేను ఇక్కడ ఉన్నట్టే అని నువ్వే రాశావు. మెడ మీద గీత పడిన రోజునుంచి నాకు అన్నం సయించడం లేదు. నువ్వు ఆ అడవిలో, ఇక్కడ నీ మెడ మీద గీత. ఆయన్ని ఎత్తి నీళ్ళలో పడేయడానికి నాకు చేతులెలా వస్తాయి?

శాంతి కోసమని ఇప్పుడు శుక్రవారం దాకా ఆగడం లేదు. రోజూ పొద్దున్నే పాలూ పసుపు నీళ్ళూ పోస్తున్నాను. పోసినకొద్దీ ఇంకా ఏడుస్తున్నాడు. మా ఇంటి భయం ఆయనకు తెలిసిపోయిందా? నీ ముసలమ్మను అడుగు. వెంటనే రాయి.

అక్క


డిపో
24 ఏప్రిల్ 1956

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళ ఒకేసారి అందాయి. ఏప్రిల్ ఉత్తరం ముందు విప్పాను. కుప్పుసామి కాఫీ తెచ్చి నా ముఖం చూసి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఫిబ్రవరి ఉత్తరం చదివాను. అభిషేకం అన్నచోట ఆగాను. మళ్ళీ చదివాను. నెత్తి బాదుకున్నాను.

అక్కా, అది చెక్క. రాయి కాదు, పంచలోహం కాదు. మన గుమ్మడి టేకు లాంటి తేలిక కర్ర, తడి తగిలితే పీల్చేసుకుంటుంది. ఇక్కడ ఎవరూ ఆయన మీద నీళ్ళు పోయరు, చిన్న గ్లాసుతో ఎదురుగా పెడతారు, అంతే. నాకు అది ఎంత అలవాటైపోయిందంటే నీకు చెప్పాలని కూడా తట్టలేదు. మన ఇంట్లో దేవుడు కనబడితే చెంబు ఎత్తుతామన్నది మరిచిపోయాను. పొద్దున లేస్తే దుంగలతో బతికేవాణ్ణి, చెక్కకు తలంటుతున్నానని నువ్వు రాసిన జాబు సమయానికి నా చేతికి రాలేదు.

కళ్ళ కింద కారేది ఏడుపు కాదు. పాత లక్క, ఏళ్ళుగా పట్టిన అగరు మసి, నువ్వు పోసిన పాలు. వాసన ఆ పాలదే. ఠప్పుమన్నది, తడికి ఉబ్బిన కర్ర అతుకు దగ్గర విడిపోవడం. ఇక ఒక్క చుక్క పోయవద్దు. ఎండలో పెట్టకు, ఇంకా పగులుతుంది. పొడిగుడ్డతో తుడిచి నీడన, గాలి తగిలేచోట, ఎత్తున ఉంచు. నీళ్ళల్లో మాత్రం వేయకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆ చెయ్యి గురించి సాయంత్రమే ఊళ్ళో మఠానికి వెళ్ళి అడిగాను. ఆయన చెట్టు కింద కూర్చున్నప్పుడు భయం పెద్ద సైన్యం వేసుకుని మీదికి వచ్చిందట. ఏనుగులు, కత్తులు, అరుపులు. ఇక్కడ కూర్చునే హక్కు నీకెవరిచ్చారు, నీ తరఫున ఎవరున్నారు అని అడిగిందట. ఆయన లేవలేదు, ఎదురు తిరగలేదు. చెయ్యి దించి నేలను తాకాడు. ఈ నేలే నాకు సాక్షి అని. మీ అత్తగారికి చెప్పు, అది మన్ను చూపించడం కాదు. భయం వచ్చినప్పుడు లేచి పారిపోనని చెప్పడం. ఇళ్ళల్లో పెట్టుకునేది అందుకే.

రేపు పొద్దున పై మకాముకు నడిచి వెళుతున్నాం. ఈ ఉత్తరం కిందికి పోయే ఎద్దుబండి వాడికి ఇస్తున్నాను. ఎప్పుడు అందుతుందో ఏమో.

దేవరాజులు


పురసవాక్కం
6 మే 1956

తమ్ముడూ,

నీనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈ ఉత్తరం నువ్వు చదువుతావని అనుకుంటేనే నేను రాయగలను, అందుకని అలాగే అనుకుంటున్నాను.

పుష్పకు కాళ్ళూ ముఖమూ ఉబ్బాయి. లేడీ డాక్టరు ఉప్పు మానిపించింది. ఏమంటుందో అని ఆమె ముఖం చూస్తే ఆమె నా ముఖం చూడలేదు. ఇంటికి రాగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీ తమ్ముడి మీద నాకేం కోపంలేదే. ఇంకో బిడ్డను గూడా మన్నుకు ఇయ్యలేను. నేను చూడలేను. ఎత్తెయ్యే, నీకు దండం పెడతా" అంది. ఆమె నాకు దండం పెట్టింది, దేవరాజులూ.

ఒక పక్క నా కూతురు, ఒక పక్క నువ్వు. ఏ చెయ్యి వదిలినా చంపినదాన్ని నేనే అవుతాననిపించింది. రాత్రంతా కూర్చున్నాను. తెల్లవారాక నిన్ను వదిలేశాను. నిజం చెబుతున్నాను, నిన్నే వదిలాను. నువ్వు పెద్దవాడివి, ఎలాగో బయటపడతావు, కడుపులో బిడ్డకు ఎవరున్నారు అనుకున్నాను.

నిన్న పొద్దున కాశిమేడు దాటి ఒడ్డుకు వెళ్ళాం. నేను, అత్త, గోపాలయ్యగారు. ఆయన ఏదో చదివారు. నేను మోకాటి లోతు దిగి వదిలాను. మునగలేదు. రాతి బొమ్మలు, మట్టి బొమ్మలు వదిలి ఎరుగుదుం గానీ కర్ర సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. వెల్లకిలా పడి తేలాడు. అల తీసుకుపోయింది, మళ్ళీ తెచ్చింది. నేను తోశాను. గోపాలయ్యగారు కర్రతో తోశారు. వలలు సర్దుకునే వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఒకడు, "ఏమ్మా, ఆ సామికి పోవాలని లేదే, ఎందుకు తోస్తావు?" అని నవ్వాడు. అత్త ముఖం పాలిపోయింది. గోపాలయ్యగారు ఆమెను రిక్షా దగ్గరికి తీసుకుపోయారు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. మళ్ళీ ఒక అల వచ్చింది. వచ్చి నా మోకాలికి తగిలాడు. ముఖం పైకి ఉంది. కళ్ళ కింద చారలు సముద్రం కడిగేసింది. నాకు ఏడుపు ఆగలేదు. చుట్టూ చూశాను, కొంగులో చుట్టేశాను. తడి చీర పిండుకుంటున్నట్టు నటించి సంచిలో పెట్టాను. పోయిందా అని అత్త అడిగితే పోయిందన్నాను.

ఇంట్లో వంటింటి అటక మీద పెద్ద గంగాళం ఉంది కదా, అందులో కూర్చోబెట్టి పైన గోనెపట్టా కప్పాను. ఎవరికీ తెలియదు. ఇక నీళ్ళు కూడా పోయడం లేదు, ఎక్కి పోయడానికి వీల్లేదు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా వీపు జలదరిస్తుంది. దాచిపెట్టి పుష్పకు కీడు చేస్తున్నానా, సముద్రంలో తోసి నీకు చేశానా, నాకు తెలియడం లేదు.

నువ్వు ఉన్నావని ఒక్క ముక్క రాయి.

అక్క


పురసవాక్కం
26 మే 1956
(రంగూనులో కంట్రాక్టరు ఆఫీసు ద్వారా)

తమ్ముడూ,

ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. చదివి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆయన్ని ఏడిపించింది నా చెంబే. నీళ్ళల్లో మాత్రం వేయకు అని నువ్వు కాళ్ళు పట్టుకుంటున్నావు, నేను అప్పటికే సముద్రంలో తోసేశాను. తేలి తిరిగి వచ్చాడు. ఆ సంగతి డిపోకు రాశాను, అందిందో లేదో. ఇప్పుడు అటక మీద ఉన్నాడు, పొడిగా, నీడన, ఎత్తున. నువ్వు చెప్పినట్టే ఉంచాను, నువ్వు చెప్పినట్టు తెలియకుండానే.

ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సాయంత్రం టపాలో మీ కంట్రాక్టరు కార్డు వచ్చింది. మీ మకాము తగలబెట్టారట, మనుషుల్ని పట్టుకుపోయారట, దేవరాజులు జాడ తెలియలేదట. ఎప్పుడన్నది రాయలేదు. మీ బావ రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. నేను అప్పటినుంచి ఒకటే లెక్క వేస్తున్నాను. నేను వదిలిన రోజేనా? నేను వదిలిన గంటేనా? చెక్క అని నువ్వు రాశావు. చెక్కే. నా మనసు వినడం లేదు.

మొన్న పున్నమికి ఊరంతా బుద్ధ జయంతి అని రేడియోలో ఒకటే మాటలు. శాంతి, కరుణ అంటూ చెబుతున్నారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని నెత్తిమీద ఆయన్ని పెట్టుకుని వణుకుతున్నాను.

పుష్ప పిలుస్తోంది. నొప్పులేమో. చూసి వచ్చి రాస్తాను.

27, ఆదివారం

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ముందు ఇది రాయాలని పరుగెత్తుకుని వచ్చాను.

ఏం జరిగిందో విను. తెల్లవారుతుండగా నర్సమ్మ వచ్చి వేన్నీళ్ళు పెద్దగా పెట్టమంది. అత్త, "అటక మీద గంగాళం దించురా" అని మీ బావకు పురమాయించింది. నేను వారించేలోపే ఆయన నిచ్చెన ఎక్కి దించేశారు. గోనెపట్టా జారిపోయింది. గంగాళంలో ఆయన కూర్చుని ఉన్నాడు.

లోపల పుష్ప అరుస్తోంది. అత్త నా వైపు చూసింది. నన్ను కొడుతుందనుకున్నాను. చివరికి, "పోయినాడంటివే" అంది. "పోలేదత్తా, తిరిగి వచ్చినాడు" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సముద్రం గూడా తీసుకోలేదంటే నేనెవరే తొయ్యడానికి. ఆ గోడ గూట్లో పెట్టు. నీళ్ళు కాగాల, గంగాళం కడుగు" అంది.

ఆ తర్వాత చేయడానికి నాకు పని లేకపోయింది. నర్సమ్మ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. అరుపులు వినలేక లేచి వీధిలోకి పారిపోదామనిపించింది. పోయినసారి అలాగే పారిపోయాను, తులసికోట వెనక నిలబడి చెవులు మూసుకున్నాను. ఈసారి నీ ఉత్తరం గుర్తొచ్చింది. తలుపు ముందు చతికిలబడి కుడి చెయ్యి నేలకు ఆన్చాను. గచ్చు చల్లగా ఉంది. "ఏం చేస్తా ఉండావే?" అంది అత్త. "ఆయన చేసిందే" అని నువ్వు రాసిందంతా చెప్పాను. భయం సైన్యం వేసుకుని రావడం, ఈయన లేవకపోవడం. ఆమె గూటి వైపు చూసింది. మోకాళ్ళ నొప్పి మనిషి, గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. ఆమె కూడా చెయ్యి కింద పెట్టింది.

పిల్ల పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపు నేను ఏమైపోయానో నాకు తెలియదు. నేను లేవలేదు, అంతవరకే తెలుసు. తర్వాత ఏడ్చింది. అలాంటి ఏడుపు మనింట్లో ఎప్పుడూ వినలేదు.

ఇక నువ్వే మిగిలావు. ఈ ఉత్తరం ఎవరైనా నీకు అందిస్తే బాగుండును.

అక్క


రంగూను
16 జూన్ 1956

అక్కా,

ఉన్నాను. నీ ఉత్తరం ఆఫీసులో ఇచ్చారు. ఏప్రిల్ తర్వాత డిపోకు నువ్వు రాసినవి ఏవీ నాకు అందలేదు, కాలిపోయి ఉంటాయి. నేను ముసలమ్మ ఉన్న మఠంలోనే ఉంటున్నాను. జ్వరం తగ్గింది. ఆవిడ మళ్ళీ గంజి పోస్తోంది. పాప పుట్టిందని చెబితే పళ్ళు లేని నోటితో నవ్వింది.

పట్టుకుపోయి చాలా రోజులు తిప్పారు. ఒక పొద్దున మమ్మల్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి వరసగా నిలబెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కుప్పుసామి నా పక్కనే నిలబడ్డాడు. వాడి దాకా వచ్చారు, అక్కా. నా దాకా రాలేదు. అవతల గట్టు మీద ఎవరో కేక వేశారు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు, మిగిలినవాళ్ళను కట్లు విప్పి తరిమేశారు. అంతే. వాడికీ నాకూ మధ్య చెయ్యి పట్టేంత దూరం.

పెరంబూరులో వాడి తల్లి పొన్నమ్మకు వాడు పోయిన సంగతి ఆఫీసు వాళ్ళు తెలియజేశారట. వీలైతే ఒకసారి వెళ్ళిరా. నేను వచ్చి చెప్పేలోగా ఎవరైనా ఆమె దగ్గర కూర్చోవాలి.

ఒక సంగతి అడుగుతాను. చెక్కకు ఏమీ తెలియదని రాసినవాణ్ణి నేనే, నవ్వకు. నువ్వు ఆయన్ని సముద్రంలో వదిలింది ఏ రోజు? తేలి తిరిగి వచ్చింది ఏ వేళప్పుడు? ఏటి ఒడ్డున ఆ పొద్దు ఏ తేదీయో నాకు బాగా గుర్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. రాత్రిళ్ళు అదే ఆలోచన. రాయి.

దేవరాజులు


పురసవాక్కం
19 జూలై 1956

తమ్ముడూ,

నీ చేతిరాత చూసి అత్త ఉత్తరాన్ని కళ్ళకు అద్దుకుంది. మీ బావ వీధిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందన్నారు.

పెరంబూరు వెళ్ళాను. పొన్నమ్మ ఇల్లు రైలుకట్ట పక్కన ఒకటే గది. ఆమె ఏడవడం లేదు. నాకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, "మీ తమ్ముడు వచ్చేసినాడామ్మా? బాగుండాలమ్మా" అని అడిగింది. నన్ను దీవించింది, దేవరాజులూ. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గదిలో మూలన చిన్న గూడు ఉంది. అందులో మురుగన్ పటం, ముందు ప్రమిద. కొడుకు బర్మా వెళ్ళినప్పటినుంచి ఒక్కరోజు కూడా ఆ దీపం మానలేదట. మా సామి తేలి వచ్చాడని నోటి చివరిదాకా వచ్చిన మాట నేను మింగేశాను.

నువ్వు అడిగిన తేదీ నేను రాయను. నీ తేదీ కూడా నువ్వు నాకు రాయొద్దు. ఒకవేళ రెండూ ఒకటే అయితే? నేను తోసినందుకు నీ దాకా వచ్చిందని, ఎత్తుకున్నందుకు ఆగిందని నేను నమ్మేస్తాను. నాకు నా సంగతి తెలుసు. అప్పుడు పొన్నమ్మ దీపం ఏమైనట్టు? ఆమె ఏ చెంబు తప్పుగా పోసిందని? రెండూ ఒకటి కాకపోతే, ఇంకో రోజున నేను ఏం చేశానా అని వెతకడం మొదలుపెడతాను. ఈ లెక్కకు అంతుండదు. ఇన్ని నెలలు ఆ లెక్కతోనే చచ్చాను. నాకు భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను. దాని మాట వినకుండా కూర్చోవడం మాత్రం కొంచెం తెలిసింది.

ఆయన గూట్లోనే ఉన్నాడు. మెడ మీద గీత అలాగే ఉంది. గోపాలయ్యగారు చూసి ముఖం చిట్లించారు. "ఉండనీ అయ్యా, మా ఇంట్లో ఎవరికి గీత లేదు?" అంది అత్త. రోజూ పొద్దున్నే గ్లాసుతో నీళ్ళు పెట్టేది ఆమే. నేను చెంబు పట్టుకుని ఆ పక్కకు పోతే, "పోస్తావేమో, జాగ్రత్త" అని నన్ను అదిలిస్తుంది. పొన్నమ్మను వారానికోసారి ఇక్కడికి తీసుకొస్తున్నాను. పాపను ఒళ్ళో వేసుకుని ఆ గూటి ఎదుట కూర్చుంటుంది. లేచేటప్పుడు చెయ్యి నేలకు ఆన్చి లేస్తుంది. మోకాళ్ళ నొప్పి వల్లే అనుకుంటాను.

ఓడ ఎప్పుడో కనుక్కో. వచ్చి ముందు ఆమె దగ్గర కూర్చో, తర్వాత మా ఇంటికి. నీ గది అంటూ లేదు, గూటి కింద చాప వేస్తాను, కాళ్ళు అటు చాపకు.

తేదీ తేవద్దు. నువ్వు రా.

అలమేలు